బెలూన్‌కి పెట్టె కట్టే ముందు

ప్రతి ఏడూ సెమిస్టర్ మొదలవగానే మా కాలేజీ జూనియర్ల నుంచి ఒకే రకం మెసేజ్ వస్తుంది. "అక్కా, మేం కూడా బెలూన్ ఎగరేస్తున్నాం. ఏ కెమెరా కొనమంటారు?" నేను తిరిగి ఒకటే అడుగుతాను: "దేన్ని కొలుస్తున్నారు?" ఆ తర్వాత రెండు రోజులు ఆ గ్రూపులో చప్పుడుండదు.

నేను ఈసీఈ చదివాను. మూడు, నాలుగు సంవత్సరాల్లో కలిపి మా టీమ్ మూడుసార్లు లేటెక్స్ బెలూన్‌కి పెట్టె కట్టి మబ్బుల పైనుండే గాలి పొర, స్ట్రాటోస్ఫియర్‌లోకి పంపింది. మొదటిసారి పెట్టె ఎక్కడుందో మాకే తెలియలేదు. రెండోసారి తప్పు కొలిచి కొత్త విషయం కనిపెట్టామని సంబరపడ్డాం. మూడోసారి మాత్రం, ఎవరైనా అడ్డం తిరిగి ప్రశ్నిస్తే నిలబడి జవాబు చెప్పగలిగే అంకెలు వచ్చాయి. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ శనివారాలు జూనియర్ల దగ్గర కూర్చుంటున్నాను. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి ఇది రాస్తున్నాను. బెలూన్ ఎలాగైనా పైకి పోతుంది, దానికి మన తెలివితో పనిలేదు. మన పని తిరిగొచ్చిన అంకెని నమ్మగలిగేలా చేసుకోవడం. అందులో ముప్పాతిక వంతు నేల మీదే జరుగుతుంది.

ముందు ప్రశ్న, తర్వాతే పెట్టె

మొదటిసారి ఎగరేసే టీమ్‌కి నా సలహా: ఉష్ణోగ్రత, పీడనం, జీపీఎస్. ఈ మూడే. ప్రశ్న కూడా ఒకటే: మన నెత్తిన ట్రోపోపాజ్ (పైకి పోయేకొద్దీ చలి పెరగడం ఆగిపోయే చోటు) ఎంత ఎత్తులో ఉంది? మన ప్రాంతంలో అది దాదాపు 16, 17 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, అక్కడ చలి మైనస్ 80 డిగ్రీల దాకా పోతుంది. యూరప్ మీద ఇంత ఎత్తూ ఉండదు, ఇంత చలీ ఉండదు. ఈ ప్రశ్నలో ఇంకో సుఖం ఉంది. మీ జవాబు సరైందో కాదో చూసుకోవడానికి పక్కనే మాస్టారున్నారు. బేగంపేటలో వాతావరణ శాఖ రేడియోసాండ్ బెలూన్లు (పైగాలిని కొలిచి రేడియోలో కిందికి చెప్పేవి) ఎగరేస్తుంది. వాటి రీడింగులు అమెరికాలోని వ్యోమింగ్ యూనివర్సిటీ వాళ్ళు అందరికీ అందుబాటులో పెడతారు, స్టేషన్ నంబరు 43128. కోస్తా వాళ్ళకి విశాఖపట్నం 43150, మచిలీపట్నం 43185. మీ గీతని వాళ్ళ గీత మీద పెట్టి చూసుకోవచ్చు. పోల్చడానికి ఏమీ లేని కొలత మొదటి ఏడు కొలవకండి.

మేం అంత వినయంగా మొదలుపెట్టలేదు. కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి వచ్చి పడే కణాలు, కొలుస్తామని కూర్చున్నాం. 1912లో ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో స్వయంగా కూర్చుని 5 కిలోమీటర్ల పైకి వెళ్ళి, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని చూపించాడు. 1930ల్లో జర్మన్ శాస్త్రవేత్తలు రెగెనర్, ఫోట్జర్ ఇంకా పైకి పరికరాలు పంపి, ఆ పెరుగుదల ఒక ఎత్తు దాకానే అనీ, అక్కడి నుంచి తగ్గుతుందనీ కనుక్కున్నారు. ఆ శిఖరం మన మీద ఏ ఎత్తులో ఉంది? ఇదీ మా ప్రశ్న. నెట్‌లో దొరికే గ్రాఫులన్నీ చల్లటి దేశాలవి. మనం భూమధ్యరేఖకి దగ్గర. ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి ఉన్న కణాల్ని రానివ్వదు. హైదరాబాద్ దగ్గర ఆ అడ్డుగోడ సుమారు 17 గిగావోల్టులు (ఇది కరెంటు వోల్టేజీ కాదు, గోడ దాటాలంటే కణానికి ఉండాల్సిన జోరు కొలత). అందుకని మన లెక్క వాళ్ళకన్నా తక్కువ, మన శిఖరం కూడా వాళ్ళకన్నా కొంచెం కిందే ఉంటుంది. ఇది ముందే తెలియకపోతే, వాళ్ళ గ్రాఫ్‌తో పోల్చుకుని మా పరికరం పాడైందని దిగులుపడేవాళ్ళం.

మా టీమ్‌లో బయోటెక్ అమ్మాయి ఒకతి "పైనున్న సూక్ష్మజీవుల్ని పట్టుకొద్దాం" అంది. ఆశ మంచిదే. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో వాళ్ళు సరిగ్గా ఆ పనే చేశారు. పేలోడ్ (బెలూన్ మోసే సరంజామా) 459 కిలోలు. అందులో 38 కిలోల ద్రవ నియాన్‌లో మునిగి ఉన్న, క్రిములు లేకుండా శుద్ధి చేసిన స్టీలు గొట్టాలు. వాటితో 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టుకొచ్చి హైదరాబాద్‌లోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో పరీక్షించారు. మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయి. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు పెట్టారు. మన దగ్గరున్నది థర్మకోల్ పెట్టె, అట్టముక్క, ఫెవిక్విక్. అందులో దొరికే బాక్టీరియా మన చేతులదే. ఆ అమ్మాయే తర్వాత మా డేటా మొత్తం చూసుకుంది, అది వేరే సంగతి.

టీమ్

ఆరుగురు చాలు. ఎనిమిదో మనిషి వచ్చాక పని సగమవుతుంది, టీలు రెట్టింపవుతాయి. ఫైనల్ ఇయర్ వాళ్ళని లీడర్ చేయకండి. ప్లేస్‌మెంట్లు మొదలైతే ఫోన్ ఎత్తరు (నేనూ ఎత్తలేదు). మూడో ఏడు వాళ్ళు నడపాలి, రెండో ఏడు వాళ్ళు కనీసం ఇద్దరుండాలి. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి ప్రతి టెస్టూ తేదీ వేసి, పెన్నుతో రాయండి. వాట్సాప్ గ్రూపులో ఉన్నది ఎక్కడా లేనట్టే లెక్క.

"మన కాలేజీలో ఇవన్నీ అవుతాయా అక్కా" అనే వాళ్ళకి స్టడ్‌శాట్ గురించి చెప్తాను. 2010 జూలై 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ15 మీద వెళ్ళిన ఆ ఉపగ్రహం కిలో కూడా లేదు. బెంగళూరు, హైదరాబాద్‌ల ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు కలిసి కట్టాయి. దాన్ని కట్టింది బీటెక్ పిల్లలే.

అనుమతి, గాలి, కాలం

మన దేశంలో అడక్కుండా ఇలాంటి బెలూన్ వదలకూడదు. విమానాశ్రయాల అథారిటీకి, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏకి కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయాలి. లాంచ్ చేసే చోటు అక్షాంశ రేఖాంశాలు, సమయం, బరువు, పైకి పోయే వేగం, దిగే ప్రాంతం అన్నీ ఇవ్వాలి. ఆ రోజు పైలట్లకి నోటమ్ (హెచ్చరిక నోటీసు) వెళ్ళాలి, ఉదయం విమానాల రాకపోకలు చూసే ఏటీసీకి ఫోన్ చేసి సరే అనిపించుకోవాలి. కలెక్టరేట్‌కి, లాంచ్ చేసే ఊరి పోలీస్ స్టేషన్‌కి కాపీలు. కనీసం నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. మా ఫైలు ఒక ఆఫీసులో ఆరు వారాలు కదల్లేదు. వెళ్ళి అడిగితే, "బెలూన్" అన్న మాట చూసి పుట్టినరోజు బెలూన్ల సంగతేమో అనుకున్నారట. "శాస్త్రీయ పరికరంతో కూడిన మానవరహిత బెలూన్" అని మార్చి రాశాక కదిలింది.

బరువు గురించి అంతర్జాతీయ నియమం ఒకటుంది. పేలోడ్ మొత్తం 4 కిలోల లోపుంటే తేలిక బెలూన్ కింద లెక్క. కానీ ఒక్క పెట్టే 3 కిలోలు దాటినా, తాడు తెగడానికి 230 న్యూటన్ల బలం కావాల్సి వచ్చినా అది బరువైన తరగతిలోకి పోతుంది. 230 న్యూటన్లంటే దాదాపు 23 కిలోల బరువు. "గట్టిగా ఉంటుంది కదా" అని పారాకార్డ్ (పారాచూట్లకి వాడే గట్టి తాడు) కట్టేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. తాడు తెగాల్సినప్పుడు తెగాలి. మేం సన్న నైలాన్ దారం వాడాం. ముందు దానికి ఇసుక సంచి కట్టి ఎంతకి తెగుతుందో చూశాం.

ఇక గాలి. చలికాలంలో మన మీద పైగాలులు పడమర నుంచి తూర్పుకి వీస్తాయి, వానాకాలంలో 14, 15 కిలోమీటర్ల దగ్గర తూర్పు నుంచి పడమరకి జెట్ ప్రవాహం ఉంటుంది. దీని అర్థం విజయవాడ, గుంటూరు పిల్లలకి ముందు తెలియాలి. జనవరిలో మీ ఊళ్ళో వదిలితే పెట్టె బంగాళాఖాతంలో పడుతుంది. వానాకాలంలో గాలి లోపలికే తెస్తుంది గానీ మబ్బులు, వాన. కాబట్టి మీరు అనంతపురం వైపో కర్నూలు వైపో వెళ్ళి వదలాలి. మేం నల్గొండ పక్కన ఒక ఊరి హైస్కూల్ గ్రౌండ్ నుంచి వదిలేవాళ్ళం, సూర్యాపేట అవతల దిగేది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ విద్యార్థులు చేసిన ల్యాండింగ్ ప్రిడిక్టర్ ఉచితంగా దొరుకుతుంది. వారం ముందు నుంచి రోజూ పెట్టి చూడండి. గుర్తు నాగార్జునసాగర్ నీళ్ళలోనో నల్లమలలోనో పడుతుంటే ఆ రోజు వదులుకోండి. టికెట్లు బుక్ చేశాం, హీలియం వచ్చేసింది అనేవి కారణాలు కావు.

సెన్సర్ షీటులో చివరి పేజీ చదవండి

అమీర్‌పేటలో, కోఠిలో దొరికే సెన్సర్లు గదిలో బాగా పనిచేస్తాయి. మీ గది 30 కిలోమీటర్ల ఎత్తులో లేదు.

పీడనం కొలిచే బీఎంపీ280 అందరి దగ్గరా ఉంటుంది. అది కొలవగలిగేది 300 హెక్టోపాస్కల్ దాకానే, అంటే 9 కిలోమీటర్లు. ఆ తర్వాత అది చెప్పే పీడనానికి విలువ లేదు. ఎంఎస్5611 తీసుకోండి, 10 దాకా కొలుస్తుంది. 30 కిలోమీటర్ల దగ్గర పీడనం సుమారు 12.

ఉష్ణోగ్రత కొలిచే డీఎస్18బీ20 మైనస్ 55 డిగ్రీల దాకానే. మన ట్రోపోపాజ్ దగ్గర ఇంకో పాతిక డిగ్రీలు కిందికి పోవాలి. బయటి గాలికి కె-రకం థర్మోకపుల్ (రెండు లోహపు తీగల కొసలు కలిపి చేసే ఉష్ణోగ్రత సెన్సర్) పెట్టండి. దాన్ని పెట్టె గోడకి అంటించకుండా, సన్నటి పుల్ల చివర బయటికి చాచి పెట్టాలి. పైన గాలి పలచన, ఎండ చురుకు. సెన్సర్ గాలి వేడి కాకుండా ఎండ వేడి చెప్తుంది. చిన్నగా, మెరుస్తూ ఉంటే ఆ తప్పు తగ్గుతుంది. సూర్యుడు పైకి రాకముందే వదిలితే ఇంకా తగ్గుతుంది.

అన్నిటికన్నా మమ్మల్ని ముంచింది జీపీఎస్. నియో-6ఎం మాడ్యూల్ కొన్న రోజున ఉండే సెట్టింగ్ 12 కిలోమీటర్ల ఎత్తుకే పనిచేస్తుంది. "ఎయిర్‌బోర్న్" మోడ్‌లోకి మారిస్తే 50 దాకా పనిచేస్తుంది. మాకు ఇది తెలుసు. మార్చాం కూడా, ల్యాబ్‌లో. కానీ ఆ మాడ్యూల్ పవర్ తీసేస్తే ఆ సెట్టింగ్ మర్చిపోతుంది. గ్రౌండ్‌లో బ్యాటరీ మార్చిన క్షణంలో అది మళ్ళీ మామూలైపోయింది. 12 కిలోమీటర్ల దగ్గర స్క్రీన్ మీద అంకె ఆగిపోయింది. అప్పుడే పగిలిపోయిందనుకుని జీపులో తప్పు దిక్కుకి పరుగెత్తాం. పెట్టె తొమ్మిది రోజుల తర్వాత, ఒక రైతు ఫోన్ చేస్తే దొరికింది. ఇప్పుడు మా కోడ్ ఆన్ అయిన ప్రతిసారీ ఆ ఆదేశం పంపుతుంది, "సరే" అని జవాబొచ్చేదాకా బజర్ మోగుతూనే ఉంటుంది. నమ్మకం కోడ్ మీద కాదు, బజర్ మీద.

గైగర్ ట్యూబు, చీకటి గది

కాస్మిక్ కిరణాల కోసం రెండో ఫ్లైట్ నుంచి గైగర్ ట్యూబులు (కణం దూరినప్పుడల్లా ఒకసారి మోగే గొట్టాలు) పెట్టాం. పాత సోవియట్ రకం ఎస్‌బీఎం-20, దానికి సుమారు 400 వోల్టులు కావాలి. పెట్టె భద్రంగా తిరిగొచ్చింది. గ్రాఫ్ వేస్తే మామూలుగానే పెరిగి, 16 కిలోమీటర్లు దాటాక తగ్గి, 28 దాటాక మళ్ళీ నిట్టనిలువుగా లేచింది. ఆ రాత్రి హాస్టల్లో ఎవరూ నిద్రపోలేదు. పొద్దున్నే ఫిజిక్స్ సార్‌కి చూపిస్తే ఆయన నవ్వలేదు. "బెల్ జార్ ఖాళీగా ఉంది. సాయంత్రం రండి, లైట్లు ఆపి చూద్దాం" అన్నారు. బెల్ జార్ అంటే లోపలి గాలిని పంపుతో తోడేసే గాజు గంట.

బోర్డుని బెల్ జార్‌లో పెట్టి, రోటరీ పంపు ఆన్ చేసి, లైట్లు తీసేశాం. పీడనం 15 హెక్టోపాస్కల్ దగ్గరికి రాగానే బోర్డు మీద రెండు టంకాల మధ్య సన్నటి ఊదారంగు వెలుగు టపటపా కొట్టుకోవడం మొదలైంది. అదీ మేం కనిపెట్టిన కొత్త భౌతికశాస్త్రం.

జరిగిందిది: ఆ మెరుపుల్ని మా సర్క్యూట్ కణాలుగా లెక్కపెట్టింది. వోల్టేజీ రెండు కొసల మధ్య దూకాలంటే గాలి పీడనం, మధ్య దూరం రెండూ లెక్కలోకి వస్తాయి. నేల మీద అర మిల్లీమీటరు సందులో 400 వోల్టులు కదలవు. పీడనం తగ్గేకొద్దీ దూకడం సులువవుతుంది. గాలిలో అన్నిటికన్నా సులువైన చోట 327 వోల్టులు చాలు. 30 కిలోమీటర్ల ఎత్తులో ఆ సులువైన దూరం ఎంతో లెక్కేస్తే అర మిల్లీమీటరు పైచిలుకు వస్తుంది. అంటే సర్క్యూట్ బోర్డు మీద మామూలుగా వదిలే సందే! మీ పెట్టెలో 300 వోల్టులు దాటేది ఏదున్నా ఈ పరీక్ష తప్పించుకోకండి. మందు: టంకాలు గుండ్రంగా, మొనలు లేకుండా చేయడం. స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టడం. సిలికోన్‌తోనో కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డు మీద పూసే రక్షణ పూత)తోనో బుడగల్లేకుండా కప్పడం. మళ్ళీ చీకటి గదిలో చూడడం. బుడగ మిగిలితే అందులోంచే దూకుతుంది. మేం మూడుసార్లు పూశాం.

ట్యూబులు రెండు, ఒకదాని మీద ఒకటి పెట్టండి. రెండూ ఒకేసారి మోగినవి విడిగా లెక్కపెడితే, పైనుంచి రెండిట్లోంచీ దూసుకుపోయిన కణాల వాటా తెలుస్తుంది. ఒక ట్యూబు ఒక్కటే పిచ్చిగా అరిస్తే అది ట్యూబు గొడవ అని కూడా తెలుస్తుంది.

లెక్క విషయంలో ఒక మాట. నేల మీద ఈ ట్యూబు నిమిషానికి ఇరవై చిల్లర మోగుతుంది. లెక్కలో అనిశ్చితి ఆ అంకె వర్గమూలమంత, అంటే 20కి నాలుగున్నర అటూ ఇటూ. అంటే ఒక నిమిషం రీడింగులో 20 శాతం పైన ఊగిసలాట సహజం. సెకనుకో చుక్క పెట్టి గ్రాఫ్ గీసి, ప్రతి వంకరకీ కథ అల్లకండి. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోయే బెలూన్ నిమిషంలో 300 మీటర్లు ఎక్కుతుంది. కింద రెండు మూడు నిమిషాలు కలిపి ఒక చుక్క, పైన నిమిషానికో చుక్క చాలు. ఇంకోటి, వదిలాక మొదటి కిలోమీటరులో లెక్క తగ్గితే కంగారు పడకండి. మన నేల గ్రానైటు రాయి, దానికీ కొంత రేడియేషన్ ఉంది. రాయికి దూరమయ్యేకొద్దీ ముందు తగ్గి, తర్వాత ఆకాశంది పెరుగుతుంది. హెస్‌కి కూడా అలాగే కనిపించింది.

చలి, గాలిలేమి

చేపల మార్కెట్లో ఐసు వేసి పంపే మందపాటి థర్మకోల్ పెట్టె తెచ్చుకోండి. అందులో డ్రై ఐస్ నింపితే మైనస్ 78 వస్తుంది, సరిగ్గా మన ట్రోపోపాజ్. మీ పేలోడ్ పెట్టెని అందులో మూడు గంటలు, రేడియోతో సహా ఆన్ చేసి ఉంచండి. కిటికీలు తెరిచే ఉండాలి. డ్రై ఐస్ ఆవిరై గదిలో కార్బన్ డయాక్సైడ్ నింపుతుంది, మూత బిగిస్తే పేలుతుంది, వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం పోతుంది.

మా మొదటి చలి పరీక్షలో నలభై నిమిషాలకి అంతా ఆగిపోయింది. మామూలు పెన్సిల్ సెల్స్ చలికి చేతులెత్తేశాయి. రీఛార్జ్ చేయలేని లిథియం ఏఏ సెల్స్ మైనస్ 40 దాకా నిలబడతాయి, ఒక్కొక్కటీ 15 గ్రాములే. ఖరీదే, అయినా ఇక్కడ పీనాసితనం వద్దు. ఎగిరేది రెండున్నర గంటలే అయినా పన్నెండు గంటలకి సరిపడా పెట్టండి. నేల మీద దిగాక అరిచేది కూడా ఆ బ్యాటరీయే.

బయట చలి కదా అని లోపల అన్నీ గడ్డకడతాయనుకోకండి. పైన గాలి లేక వేడి బయటికి పోయే దారి ఉండదు. మా రేడియో చిప్ బెల్ జార్‌లో వేలు పెట్టలేనంత కాలింది. దాన్ని చిన్న అల్యూమినియం రేకుకి అతికించాక తగ్గింది.

మెమరీ కార్డు కనెక్టరు ఊగకుండా హాట్ గ్లూ వేయండి. ప్రతి వరుసా రాసిన వెంటనే ఫైలు సేవ్ చేయండి, ఆన్ అయిన ప్రతిసారీ కొత్త ఫైలు మొదలవ్వాలి. మధ్యలో రీసెట్ అయితే పాతది చెరిగిపోయిందని ఏడ్చిన టీమ్‌ని చూశాను. బెలూన్ పగిలాక మొదటి కొన్ని నిమిషాలు పెట్టె గింగిరాలు తిరుగుతుంది. అందుకని చివరి పరీక్ష: అన్నీ ఆన్ చేసి, పెట్టెని తాడుకి కట్టి, వడిసెల తిప్పినట్టు గిరగిరా తిప్పండి. తర్వాత మెట్ల మీంచి దొర్లించండి. మా వార్డెన్‌కి ఇది నచ్చలేదు.

కెమెరా ఎక్కడ అంటారా? మూడో ఫ్లైట్‌లో పెట్టాం, అన్నీ అయ్యాక బరువు మిగిలితేనే అన్న షరతు మీద.

పెట్టెని వెతికే ఏర్పాటు

865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య మన దేశంలో లైసెన్స్ లేకుండా, పరిమితి లోపల, వాడుకోవచ్చు. లోరా మాడ్యూల్ (తక్కువ కరెంటుతో చాలా దూరం పంపే చిన్న రేడియో) అందులో సరిపోతుంది. టీమ్‌లో ఒకరిద్దరు హ్యామ్ రేడియో (సరదాగా రేడియో నడిపేవాళ్ళ లైసెన్స్) పరీక్ష రాస్తే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో హ్యామ్‌లు చాలామంది ఉన్నారు, అడిగితే యాంటెన్నా ఎత్తుకుని వాళ్ళే వస్తారు. 30 కిలోమీటర్ల ఎత్తున్నప్పుడు దిగంతం ఆరు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, సిగ్నల్ బాగా వస్తుంది. దిగాక చేలో పడితే రెండు మూడు కిలోమీటర్లు దాటితే వినపడదు. కాబట్టి ఛేజ్ చేసే బండి దిగే చోటికి ముందే వెళ్ళి కూర్చోవాలి, వెనక నుంచి తరమకూడదు. సిమ్ కార్డు ట్రాకర్ కూడా విడి బ్యాటరీతో పెట్టండి, కిందికి వచ్చాకే ఆన్ అయ్యేలా.

పెట్టె నాలుగు వైపులా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి: "ఇది కాలేజీ విద్యార్థుల వాతావరణ పరికరం. ప్రమాదం లేదు. తెరవకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి." నంబర్లు రెండు, లామినేషన్ తప్పనిసరి. సరిహద్దు దాటే అవకాశం ఉంటే మరాఠీ, కన్నడ కూడా. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో హైదరాబాద్ నుంచి ఎగిరిన పెద్ద బెలూన్ క్యాప్సూల్ దిగితే ఊరూరా జనం వచ్చి గుమిగూడారు. మనది చిన్నదే గానీ, వైర్లు కనబడే, రెడ్ లైటు వెలిగే పెట్టెని చేలో చూసిన మనిషి ఏమనుకుంటాడో ఆలోచించండి. మమ్మల్ని పిలిచిన రైతు ఫోన్‌లో మొదట అన్న మాట: "ఏంది బిడ్డా ఇది, బాంబు గిట్ల కాదు గదా?"

ఆ ఉదయం

తెల్లవారుజామున నాలుగింటికి గ్రౌండ్‌లో ఉండండి. గాలి లేచేలోపు పనైపోవాలి. 1200 గ్రాముల బెలూన్, 1.3 కిలోల సరంజామా, సెకనుకు 5 మీటర్ల వేగం అనుకుంటే దాదాపు 4 ఘనపు మీటర్ల హీలియం పడుతుంది, పెద్ద సిలిండర్ ఒకటి సరిపోతుంది. వాతావరణ శాఖ వాళ్ళు హైడ్రోజన్ వాడతారు. మీరు వాడకండి, వాళ్ళకున్న శిక్షణ మీకు లేదు.

గ్యాస్ ఎంత నింపాలో మీటరు చూసి కాదు, బరువుతో కొలవండి. సరంజామా 1.3, పైకి లాగడానికి అదనంగా సుమారు 1.3, కలిపి 2.6 కిలోలు. ఒక క్యాన్‌లో నీళ్ళు పోసి క్యాన్‌తో సహా 2.6 కిలోలు తూచి, బెలూన్ మెడకి కట్టండి. క్యాన్ నేల మీంచి లేవీలేవకుండా తేలుతుంటే సిలిండర్ ఆపేయండి. తక్కువ నింపితే బెలూన్ పగలకుండా పైనే తేలుతూ జిల్లాలు దాటిపోతుంది, ఎక్కువ నింపితే తొందరగా పగులుతుంది. బెలూన్‌ని వట్టి చేత్తో ముట్టుకోకండి, గ్లవ్స్ వేసుకోండి. కింద శుభ్రమైన దుప్పటి పరవండి, పల్లేరుకాయల గ్రౌండ్ అయితే రెండు.

మెడ కట్టేటప్పుడు ఇద్దరే మాట్లాడాలి. చెక్‌లిస్ట్ ఒకరు చదవాలి, ఇంకొకరు పెట్టె మీద చేయిపెట్టి "ఉంది" అనాలి. ఆ సమయంలో ప్రిన్సిపాల్ గారు ఫొటోకి పిలిచినా సరే, ఆగమని చెప్పండి. మా మూడో ఫ్లైట్‌లో ఆయన పాపం పావుగంట పూలదండతో నిలబడ్డారు.

తిరిగొచ్చాక

చేలోకి అడుగుపెట్టే ముందు ఆ చేను ఎవరిదో వాళ్ళని పిలవండి. పంట తొక్కితే మర్నాడు ఇంకో టీమ్‌కి ఆ ఊళ్ళో మర్యాద దక్కదు. పెట్టెని పడిన చోటే, పడినట్టే ఫొటో తీయండి. స్విచ్ ఆపి కార్డు తీసి, అక్కడే రెండు లాప్‌టాప్‌లలోకి కాపీ చేయండి. సెన్సర్లని విప్పేయకండి. మర్నాడు ల్యాబ్‌లో ఎగరకముందు చేసిన టెస్టులే మళ్ళీ చేయాలి: గదిలో అరగంట గైగర్ లెక్క, ఐసు నీళ్ళలో థర్మోకపుల్. ముందూ తర్వాతా ఒకే జవాబొస్తేనే మధ్యలో చెప్పినదానికి విలువ.

మూడో ఫ్లైట్‌లో మా శిఖరం 16 కిలోమీటర్లకి కాస్త పైన వచ్చింది, 28 దాటాక ఈసారి ఏమీ లేవలేదు. ఉష్ణోగ్రత గీత బేగంపేట గీతకి ట్రోపోపాజ్ దాకా పక్కపక్కనే నడిచింది. ఆ పైన మాది వేడిగా చూపించింది, ఎండ దెబ్బ. రిపోర్టులో అది దాచలేదు, విడిగా ఒక పేజీ రాశాం. పరీక్షకులు ఎక్కువసేపు చదివింది ఆ పేజీయే.

ఆ పెట్టె ఒక మిరప చేలో దిగింది. గ్రాఫ్ ప్రింటు తీసి ఆ చేను పెద్దాయనకి ఇవ్వడానికి సంక్రాంతి తర్వాత వెళ్ళాం. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గంత పైకి పోయొచ్చింది గదా బిడ్డా, వాన సంగతేమన్న తెచ్చిందా?" అన్నాడు. మా పెట్టెలో తేమ సెన్సర్ లేదు. ఈ ఏడు జూనియర్లు అది పెడుతున్నారు. మైనస్ 40 కంటే కింద అది చెప్పే మాట గ్రాఫ్‌లో వేయొద్దని ఇప్పటికే రెండుసార్లు చెప్పాను.